‘రాండి’ అని రాసిన మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు పోయారన్న సంగతి నాకు ఒక ఫ్లెక్స్ ఆర్డరుగా తెలిసింది.

హోసూరులో నా అంగడి అప్పుడే తెరిచి, కంప్యూటర్ల మీద దుమ్ము తుడుస్తున్నాను. కృష్ణగిరి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతున్నది అక్కడి పాత చర్చి ఆఫీసులో గుమాస్తా.

“అమ్మా, అర్జెంటుగా ఒక ఫ్లెక్స్ కావల్ల. పెద్దది. సాయంత్రానికి ఇయ్యల్ల. డ్రాయింగు మాస్టరు పోయినారు.”

“ఏ డ్రాయింగు మాస్టరు?” అన్నాను. తెలియక అడగలేదు. ఇంకెవరైనా అయితే బాగుండునని అడిగాను.

“మన మాస్టరే మా. వాకిలి బొమ్మ ఏసినాయన. పొద్దున కాఫీ తాగతా తాగతా అట్లే ఒరిగిపోయినారంట. ఆ వాకిలి బొమ్మ బాగా పెద్దగా పెట్టి, కింద ‘అందరినీ ఆహ్వానించిన మహనీయుడు’ అని తమిళంలో వెయ్యమని మా పెద్దాయన చెప్పినారు.”

ఫోను పెట్టేసి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందుగా కోపం వచ్చింది. ఇది రాస్తున్న ఈ రోజుకూ ఆ కోపమే ముందుంది. దుఃఖం దాని వెనక ఎక్కడో నిలబడి తన వంతు కోసం చూస్తోంది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని అడిగినవాళ్ళు ఈ కోపాన్ని కూడా భరించాలి. అది లేకుండా ఆయన కథ చెప్పడం నాకు చేతకాదు.

నేను రాయకోట బడిలో చదువుకునేటప్పుడు ఆయన మాకు డ్రాయింగు చెప్పేవారు. మా పక్క రాగి, టమోటా పండించే ఇళ్ళ పిల్లలకు డ్రాయింగు పీరియడంటే ఆటల పీరియడు కిందే లెక్క. మొదటి రోజే ఆయన, “మీ ఇంటి వాకిలి గీయండి,” అన్నారు. మాలో చాలామంది పుస్తకంలో ఉండే ఇల్లు గీశాం. త్రికోణం కప్పు, రెండు కిటికీలు, పొగగొట్టం. ఆయన నా కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

“ఇది ఎవురి ఇల్లు మా?”

“మాదే సార్.”

“మీ ఇంటి మింద పొగ గొట్టం ఉండాదా?”

“లేదు సార్.”

“మళ్ళ నువ్వు చూడని ఇల్లు ఏంటికి గీసినావు? మీ అమ్మ పొద్దున్నే వాకిట్లో కూసోని ఏం చేస్తాదో అది గీయి.”

అంతే. కోప్పడలేదు. మా అమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది. అది గీశాను. నాకు బొమ్మ వచ్చని ఆ రోజే తెలిసింది.

ఆయనకు బోర్డులు చదివే అలవాటు ఉండేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా బోర్డులన్నీ పైకి చదివేవారు. సూళగిరి దగ్గర పంచర్ అంగళ్ళు, దాబాలు, ఎరువుల కొట్లు, ఏదీ వదిలేవారు కాదు. చదివి ఊరుకోక వాటికి స్వభావాలు అంటగట్టేవారు. “ఇది చూడు, అరస్తా ఉండాది. ఇది అబద్ధం చెప్తా ఉండాది. ఇది పాపం, సిగ్గుపడతా ఉండాది.” పక్క సీటువాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. ఆయన పట్టించుకునేవారు కాదు. మాట్లాడుతూనే బస్సు టికెట్టును మడిచి, గోళ్ళ సందుల్లో ఎండిన రంగు గీకేవారు. రిటైరై బడి వదిలాక కూడా ఆ గోళ్ళలో రంగు పోలేదు.

తొంభైల్లో నేను పెళ్ళై హోసూరుకు వచ్చాను. మా ఆయన సిప్కాట్‌ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీకి పోయేవాడు. నేను బస్టాండు దగ్గర చిన్న డీటీపీ అంగడి పెట్టాను. పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, హోటలు మెనూలు చేసేదాన్ని. ఒక ఉదయం మాస్టారు గుడ్డ సంచి భుజాన వేసుకుని అంగడిలోకి వచ్చారు. సంచిలోంచి మడతపెట్టిన డ్రాయింగు షీట్లు తీసి నా బల్ల మీద పరిచారు.

“మా చర్చికి కొత్త మొగం కావల్లంట మా. పాస్టరయ్య అడిగినారు. నేను గీస్తాను, నువ్వు మిషన్లో ఎక్కించు.”

ఆ చర్చి దొరల కాలం నాటిది. రాతి గోడలు, ఎత్తయిన గంట గోపురం. చూడటానికి అందంగా ఉంటుంది, దూరం నుంచి. దగ్గరికి పోతే ఈటె మొనల ఇనప గేటు, దాని పక్కన నల్లటి బోర్డు మీద ఇంగ్లీషులో చర్చి పేరు, దాని కింద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్న తమిళ రేకు. హైవే పక్కన కొత్తగా వచ్చిన ప్రార్థన షెడ్లకు జనం పోతున్నారు, ఇక్కడ బెంచీలు ఖాళీ అవుతున్నాయి. అప్పటి పాస్టరయ్య కుర్రవాడు, మంచివాడు. గేటు దగ్గర బోర్డు, చర్చికి ఒక గుర్తు, పత్రికల మీద, కవర్ల మీద వేసుకునే రంగులు, అన్నీ కొత్తగా, మనుషులను పిలిచేలా ఉండాలన్నాడు. కమిటీలో ముఖ్యుడు, తాతల కాలం నుంచి ఆ చర్చికి పెద్దరికం చేస్తున్న ఇంటి మనిషి, అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన, సరే కానీయండి అన్నాడు.

మాస్టారు వెంటనే గీయడానికి కూర్చోలేదు. వారం రోజుల్లో ఆదివారం తప్ప మిగతా అన్ని రోజులూ ఆ గేటు బయట నిలబడి, దారిన పోయేవాళ్ళను అడిగారు. నన్ను కూడా ఒకరోజు రమ్మన్నారు. గేటుకు ఎదురుగా ఒకామె మామిడిపళ్ళ గంప పెట్టుకుని అమ్ముతుండేది. పెద్ద వయసు కాదు. సూళగిరి వైపు గొర్రెలు కాసుకునే కుటుంబం, వానలు లేక మందను అమ్మేసి పట్నం చేరారు. మాస్టారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

“ఏమ్మా, ఎన్నాళ్ళుగా ఈడ కూసుంటా ఉండావు?”

“శానా దినాల్నించి సామీ.”

“ఎప్పుడైనా లోపలికి పోయినావా?”

“నేనేంటికి పోతాను? అది సదువుకున్నోళ్ళ గుడి.”

“అట్లని ఎవురు చెప్పినారు?”

ఆమె నవ్వింది. “చెప్పేదేమి సామీ? గేటు చూస్తే తెలీదా?”

నాతోపాటు అంగడికి తిరిగి వస్తూ బస్సులో మాస్టారు ఒక్క బోర్డూ చదవలేదు. హోసూరు దగ్గరపడ్డాక అన్నారు, “చదువు రాని మనిషి కూడా ఆ గేటును చదివేసింది మా. అంత తెల్లంగా రాసిపెట్టినారు.”

ఆ తరువాత గీసిన బొమ్మ గురించి చెప్పాలి. ఆ చర్చిని గుర్తుగా గీయమంటే ఎవరైనా గోపురం గీస్తారు, లేదా పెద్ద వాకిలి గీస్తారు. మాస్టారు అవి రెండూ వదిలేశారు. చర్చికి ఉత్తరం పక్కన ఒక చిన్న వాకిలి ఉంది. తల కొంచెం వంచి పోవాలి. ముందర చిన్న వసారా, అందులో ఒక రాతి అరుగు. పెద్ద వాకిలి పెళ్ళిళ్ళకూ బిషపు వచ్చినప్పుడూ తెరుస్తారు. మామూలు రోజుల్లో అందరూ వచ్చేది ఈ చిన్న వాకిలి గుండానే. దాన్ని తెరిచి ఉన్నట్టు గీశారు. లోపలి వెలుతురు గడప దాటి బయట నేల మీద పసుపుపచ్చగా పరుచుకుని ఉంటుంది. మనుషులెవరూ లేరు. నేను అడిగితే, “ఎవుర్ని గీసినా, వాళ్ళు మాత్రమే రావచ్చు అనుకుంటారు,” అన్నారు.

రంగులు జాజు, సున్నం. మా పల్లెల్లో ఇళ్ళ గోడలకు పండగప్పుడు పూసే ఎర్రమట్టి రంగు, తెలుపు.

పిలుపు మాట దగ్గర చాలాకాలం ఆగారు. ‘సుస్వాగతం’ నేను టైపు చేసి చూపించాను. తల అడ్డంగా ఊపారు. “అది కల్యాణమంటపం ఆర్చీ మింద మాట. ఎవురింట్లో అయినా, చుట్టాలొస్తే సుస్వాగతం అంటారా? రాండి అంటారు.” చివరికి అదే నిలిచింది. తెలుగులో ‘రాండి’, తమిళంలో ‘వాంగ’, కన్నడంలో ‘బన్ని’. కంప్యూటర్లో ఉన్న అక్షరాలు ఆయనకు నచ్చలేదు. కుంచెతో తనే రాశారు, నేను స్కాన్ చేశాను. ఆ ‘రా’లో దీర్ఘం కొంచెం కిందికి వంగి ఉంటుంది, చెయ్యి చాచినట్టు. “అక్షరం నోరు తెరవల్ల మా, కోర చూపించకూడదు,” అనేవారు.

కమిటీకి చూపించిన రోజు నేనూ వెళ్ళాను, కాగితాలు పట్టుకుని. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

“ఇదేమి మాస్టర్, జాజు సున్నమా? అమ్మోరి గుడి గోడ మాదిరి ఉండాది.”

“ఇంటి గోడ మాదిరి కూడా ఉండాది కదా అయ్యా.”

“మన ఆరాధన తమిళంలో. తెలుగు, కన్నడం ఏంటికి?”

“లోపల తమిళమే. దావన పోయేవాళ్ళు మూడు భాషలవాళ్ళు కదయ్యా.” కాస్త ఆగి మాస్టారు అన్నారు, “బార్డర్లో జూజువాడి చెక్‌పోస్టు కాడ లారీలు నిలబెట్టేదానికి మూడు భాషల్లో రాసినారు. నిలబెట్టేదానికి భాషలు దొరికినాయి. పిలిచేదానికి దొరకవా?”

పాస్టరయ్య నవ్వేశాడు. మిగతావాళ్ళు కూడా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు గానీ తల ఊపాడు. అలా ఆ బొమ్మ ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది ఒక్కటి. మాస్టారు ఇంకొక చిన్న చెక్క బోర్డు కూడా తయారు చేశారు. అది చిన్న వాకిలి లోపల, చెప్పులు విడిచే చోట పెట్టడానికి. దాని మీద మూడు భాషల్లో ‘మీకు నచ్చిన చోట కూర్చోండి’ అని ఉంది. ఆ చర్చిలో ముందు వరస బెంచీలు ఎవరి పేరా లేవు. కానీ ఏ బెంచీ ఏ కుటుంబానిదో అందరికీ తెలుసు. పెద్దాయన ఆ చెక్కను చేతిలో తిప్పి చూసి, “ఇది అవసరం లేదు మాస్టర్. లోపలికొచ్చినోళ్ళకు ఎట్ల కూసోవల్లనో మేం చెప్పుకుంటాం,” అని పక్కన పెట్టాడు. అది తిరిగి రాలేదు.

గేటుకు కొత్త బోర్డు పెట్టారు. ఈటె మొనలు కోయించి, నల్ల బోర్డూ, తమిళ రేకూ తీసేశారు. మాస్టారు ఎదురు రోడ్డులో నిలబడి చూస్తుంటే నేను ఆయన ముఖం చూశాను. అంత సంతోషం నేను ఆయనలో అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మామిడిపళ్ళామెను పిలిచి, “ఇప్పుడు చూడు మా, ఇప్పుడేమంటా ఉండాది గేటు?” అన్నారు. ఆమె చదవలేదు. బొమ్మ చూసింది. “వాకిలి తీసిపెట్టినారు,” అంది.

జనం రావడం మొదలైంది. ఊరికే చూడటానికి వచ్చినవాళ్ళు, ఎండకు ఆగినవాళ్ళు, పిల్లలకు జ్వరమని దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు. పాస్టరయ్య అందరినీ పలకరించేవాడు. తర్వాత ఆయనకు బదిలీ అయింది.

కొత్త పాస్టరు వచ్చిన ఏడాది, చర్చిలో పంటల పండగ చేసే ఆదివారానికి మాస్టారు నన్ను రమ్మన్నారు. మేము హిందువులం. అయినా ఆయన పిలిస్తే పోకుండా ఎలా ఉంటాను? నన్ను చూడగానే ఎవరో ఎదురొచ్చి ముందు వరస పక్కనే కుర్చీ వేశారు. కట్టుకున్న పట్టుచీర చూసి కాబోలు. మామిడిపళ్ళామె తన అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. అత్తకు మోకాళ్ళ నొప్పి, కింద కూర్చోలేదు. ఖాళీగా ఉందని రెండో బెంచీలో ఆమెను కూర్చోబెట్టి పక్కన తను కూర్చుంది. కాసేపటికి పెద్దాయన కోడళ్ళూ మనవళ్ళూ వచ్చి ఆ బెంచీ పక్కన నిలబడ్డారు. పెద్దాయనే లేచి వచ్చాడు. గొంతు పెంచలేదు. చాలా మర్యాదగా అన్నాడు.

“అమ్మా, ఇది మా ఇంటోళ్ళు కూసునే చోటు. వెనక చాప ఏసిండాది, ఆడ కూసోండి.”

ఆమె వెనక్కి తిరిగి చాపను చూసింది. అత్త చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ చాప దగ్గర ఆగలేదు. చిన్న వాకిలి గుండా బయటికి పోయారు. పాట మధ్యలో మాస్టారు లేచి వెళ్ళారు, ఆయన వెనక నేనూ వెళ్ళాను. ఆమె అత్త కాళ్ళకు చెప్పులు తొడుగుతోంది.

“నేను మాట్లాడతాను మా. లోపలికి రాండి,” అన్నారు మాస్టారు.

ఆమె ముఖంలో కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ భరించరానిది.

“వొద్దు సామీ. మొదట్లో గేటు నిజమే చెప్తా ఉన్నింది. నువ్వే దానికి అబద్ధం నేర్పించినావు.”

అత్తను నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు తర్వాత ఆమె గంప ఆ గేటు ముందర కనబడలేదు. కృష్ణగిరి బస్టాండు దగ్గరికి మార్చుకుంది.

మాస్టారు కమిటీకి పోయి ఒకటే మాట అడిగారు. లోపలి బోర్డు పెట్టండి, లేకపోతే బయటి బోర్డు తీసేయండి. కమిటీవాళ్ళు రెండూ కుదరవన్నారు. బోర్డు చర్చి ఆస్తి, బెంచీలు చర్చి ఆచారం అన్నారు. ఆయన ఒక ఉదయం నిచ్చెన, సున్నం బకెట్టు తీసుకుని పోయి తను రాసిన అక్షరాల మీద తనే సున్నం కొట్టడం మొదలుపెట్టారు. తెలుగు మాట సగం పోయాక వాచ్‌మన్ వచ్చి నిచ్చెన పట్టుకుని, “దిగండి సార్, నా ఉద్యోగం పోతాది,” అని ఏడ్చాడు. ఆయన దిగారు.

ఆ తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. ఆ బొమ్మ ఫైలు ఇవ్వమని నన్ను అడిగారు. ఇవ్వనన్నాను. బోర్డును ఫోటో తీసి వేరే చోట చేయించుకున్నారు. జాజు రంగు గులాబీ రంగయింది. అక్షరాలు కంప్యూటరువి. ‘రాండి’ పోయి ‘సుస్వాగతం’ వచ్చింది. కింద పెద్దాయన ఫోటో.

మాస్టారు చర్చి మానేస్తారనుకున్నాను. మానలేదు. ప్రతి ఆదివారం పోయేవారు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. చిన్న వాకిలి బయట వసారాలో, ఆ రాతి అరుగు మీద కూర్చుని ఆరాధన వినేవారు. వానాకాలం జల్లు పడినా అక్కడే. ఆయన భార్య, మేము టీచరమ్మ అని పిలిచే ఆమె, లోపలికి పోయి వెనక చాప మీద కూర్చునేది. ఆమె ఏ బెంచీలో కూర్చున్నా ఎవరూ లేపరు. అయినా చాప మీదే.

“ఇట్ల ఎన్నాళ్ళు సార్?” అని ఒకసారి అడిగాను.

“ఏమో మా. లోపల కూసునేదానికి మనసు రాదు. ఇంటికి పోయేదానికీ రాదు. పైనుండే ఆయన పిలిచినాడు కదా, వీళ్ళు కాదు.”

ఆయన్ను ఋషిలా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ సంవత్సరాల్లో ఆయన చేదుగా తయారయ్యారు. నా అంగడికి వచ్చి గోడ మీద నమూనా ఫ్లెక్సులు చూసి, “అన్నీ నవ్వు మొగాలే. ఒక్కడన్నా నిజంగా నవ్వినాడా?” అనేవారు. నేను ఒక స్కూలుకు చేసిన స్వాగత ద్వారం చూసి, “ఎవురికి స్వాగతం? ఫీజు కట్టే వాళ్ళకా?” అన్నారు. నేను నొచ్చుకున్నాను. మా ఇంటికి రమ్మంటే రెండు మూడు సార్లు ఏవో సాకులు చెప్పారు. ఊళ్ళో ఆయనకు మతి చలించిందనే మాట పుట్టింది. అది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఆ మాట విన్నాక పిల్లలను ఆయన దగ్గరికి బొమ్మలు నేర్చుకోవడానికి పంపడం మానేశారు. కుంచెలు ఎండిపోయాయి. ఒక రంగు డబ్బా మూత రాకపోతే దాన్ని అలాగే పారేశారని టీచరమ్మ చెప్పింది.

ఒక్కటి మాత్రం మానలేదు. బస్టాండులో మామిడిపళ్ళామె దగ్గర ఆగి, కాయ కొన్నా కొనకపోయినా, ఆమె అత్త మోకాలు ఎలా ఉందని అడగడం. ఆమె చెప్పేది. ఇద్దరూ ఆ ఆదివారం మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఉదయం ఫోను తర్వాత నేను టీచరమ్మకు ఫోను చేశాను. ఫ్లెక్సు సంగతి చెప్పాను.

“బొమ్మ వొద్దు మా. పేరు రాయి, చాలు. మూడు భాషల్లో రాయి.”

అలాగే చేసి పట్టుకుపోయాను. నేను చేరేసరికే గేటుకు వేరే ఫ్లెక్సు కట్టి ఉంది. నేను ఆలస్యం చేస్తానని వాళ్ళు ముందే ఇంకొకచోట చేయించారట. గులాబీ వాకిలి, మహనీయుడన్న మాట, కింద కమిటీవాళ్ళ పేర్లు. నేను తెచ్చింది చుట్టిపెట్టి టీచరమ్మ చేతికిచ్చాను.

ఆయన్ను చిన్న వాకిలి గుండా తీసుకుపోవాలని టీచరమ్మ అడిగింది. శవపెట్టె అక్కడ తిరగదన్నారు. కొలిచి చూస్తే అది నిజమే. పెద్ద వాకిలి తెరిచారు. ఇన్నేళ్ళూ బయట కూర్చున్న మనిషిని, బిషపులు నడిచే దారిన మోసుకుపోయి అందరికంటే ముందు పెట్టారు. పెద్దాయన మాట్లాడాడు. మాస్టారు మన చర్చి వాకిలి తెరిచిన మనిషి అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవి కావనుకుంటాను. అది ఇంకా కష్టం. ఆయనకు తను చేసింది ఏమిటో ఈనాటికీ తెలియదు.

సమాధుల తోటలో మన్ను పోశాక అందరూ పూలు వేసి వెళ్ళిపోయారు. ఎండ మండుతోంది. గాలికి కొత్త మట్టి లేచి టీచరమ్మ ముఖాన పడుతోంది. ఆమె కదలలేదు. గోడ అవతల నుంచి మామిడిపళ్ళామె వచ్చింది. ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు. తల నెరిసింది. ఆమె టీచరమ్మను ఓదార్చలేదు. మాస్టారి గురించి ఏమీ అనలేదు.

“దుమ్ము లేస్తా ఉండాది,” అంది.

చేతిసంచిలోంచి తాగే నీళ్ళ బాటిలు తీసి, వంగి, మట్టి మీద తల వైపు నుంచి కాళ్ళ వైపుకు కొంచెం కొంచెంగా చల్లింది. ఆఖరి చుక్కదాకా చల్లి, ఖాళీ బాటిలు సంచిలో పెట్టుకుంది. ఎర్ర మట్టి నల్లగా తడిసి దుమ్ము అణిగింది. మేము ముగ్గురమూ అక్కడే నిలబడి ఉండగానే, ఆ తడి అంచుల నుంచి ఆరుతూ, మెల్లగా లోపలికి జరుగుతూ పోయింది.